కంట్రోల్ కనకవల్లి

మద్రాసు చూలైలో కనకవల్లి అనే పేరుతో నలుగురైదుగురు ఉండేవారు. ఏ కనకవల్లి అని ఎవరైనా అడిగితే ఆమె మొగుడు ఆదిమూలమే నవ్వుతూ "అదే, మా కంట్రోల్ కనకవల్లి" అనేవాడు. మొగుణ్ణి అదుపులో పెట్టుకున్న మనిషి కాబోలని వినేవాళ్ళు అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదుగానీ పేరు వచ్చింది అందుకు కాదు.

కీల్పాక్‌లో ఒక పాత బంగళా మేడమీద డాక్టర్ కమలాంబ క్రోమోజోముల ల్యాబు పెట్టింది. డెబ్భై నాలుగులో అక్కడ గాజు సామాను కడగడానికి మనిషి కావాలంటే ముప్పై నాలుగేళ్ళ కనకవల్లి వెళ్ళింది. చదివింది ఎనిమిదో తరగతి. అయితే ఆమె తండ్రి చూలైలో అట్టపెట్టెలు చేసేవాడు. మిఠాయి పెట్టెలకీ, ఊదుబత్తి పెట్టెలకీ లేబుళ్ళు కత్తిరించడం ఎనిమిదేళ్ళప్పటి నుంచీ ఆమె పని. నెమలి బొమ్మ ఉన్న లేబులు ఇస్తే ఈకకు ఈక విడివిడిగా కనపడేలా కత్తిరించి ఇచ్చేది. ఆ చేతికి ల్యాబులో పని కాసుకుని కూర్చుంది.

క్రోమోజోముల పరీక్ష అప్పట్లో సగం వైద్యమైతే సగం అట్టపెట్టెల పనే. మన ఒంట్లో ఒక్కో కణంలో నలభై ఆరు క్రోమోజోములుంటాయి, ఇరవై మూడు జతలు. ఆడమనిషికి చివరి జత రెండు Xలు. రక్తాన్ని మూడు రోజులు వెచ్చగా ఉంచి, గాజు స్లైడు మీద చుక్కలు వేసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో అవి చిందరవందరగా పడి ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ కత్తెరతో కత్తిరించి, జతకు జత చేర్చి, అట్టమీద గమ్ముతో అంటించాలి. కంప్యూటరు ఆ పని నేర్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళుంది. ఎమ్మెస్సీ చదివిన పిల్లలు కత్తిరిస్తుంటే సగం క్రోమోజోములకు కాళ్ళు తెగిపోయేవి. ఒకరోజు చూడలేక, గాజుగొట్టాలు కడిగే చేయి తుడుచుకుని కనకవల్లి కత్తెర అందుకుంది. మళ్ళీ ఆమె చేతికి గాజు సామాను కడిగే పని ఎవరూ చెప్పలేదు.

కంట్రోల్ సంగతి కూడా అప్పుడే మొదలైంది. రోగుల రక్తం పరీక్షించే ప్రతిసారీ పక్కనే ఒక ఆరోగ్యవంతురాలి రక్తాన్నీ అదే మందులో, అదే వేడిలో పెంచాలి. అది సరిగ్గా వస్తే మందులు మంచివి, పని మంచిది, రోగి ఫలితాన్ని నమ్మవచ్చు. దాన్ని కంట్రోల్ అంటారు. "నీకేమైనా రోగాలున్నాయా కనకా?" అని అడిగింది కమలాంబ. "ఆకలి తప్ప ఏ రోగమూ లేదు డాక్టరమ్మా" అని చెయ్యి చాచింది కనకవల్లి. అప్పటినుంచి నెలకొక బ్యాచ్, నెలకొక చిన్న గొట్టం రక్తం. ఏ రోగి అయినా ఆమెతో పోల్చుకుని మంచో చెడో తేలాల్సిందే. గుడ్డ కొలిచే గజానికి కూడా వయసు వస్తుందని ఇరవై రెండేళ్ళలో ఎవరికీ తోచలేదు, డాక్టరమ్మకు కూడా. చదువుకున్న వాళ్ళ తెలివి ఇట్లాంటి చోటే కునుకు తీస్తుంది.

తొంభై ఆరు ఫిబ్రవరిలో కనకవల్లి తన స్లైడు తనే చూసుకుంటోంది. అప్పటికి కంట్రోల్ స్లైడు లెక్క పూర్తిగా ఆమెకే వదిలేశారు. పది కణాలు లెక్కపెట్టి, ఒకదాన్ని కత్తిరించి అంటించి, రిజిస్టరులో రాయాలి. పదింటిలో ఒకదానిలో నలభై అయిదే ఉన్నాయి. చుక్క గట్టిగా పడి ఒకటి ఎగిరిపోయి ఉంటుంది, మామూలే అనుకుంది. మరుసటి నెల రెండు కణాల్లో నలభై అయిదు. అప్పుడు ఫొటో తీసి కత్తిరించి చూసింది. రెండింటిలోనూ తక్కువైంది ఒకటే, రెండో X. చుక్క గట్టిగా పడితే ఎగిరిపోయేది ఒక్కోసారి ఒక్కోటి కావాలి. ప్రతిసారీ అదే పోతుందంటే అది చుక్క తప్పు కాదు.

నలభై అయిదు, ఒకే X అనే మాట ఆ గదిలో ఆమె ఎన్నిసార్లు వినలేదు! పుట్టుకతోనే ఆ రెండోది లేని ఆడపిల్లలు వచ్చేవాళ్ళు, పొట్టిగా, ఈడొచ్చినా పెద్దమనిషి కాకుండా. తల్లులు బెంచీ మీద కూర్చుని ఏడ్చేవాళ్ళు. ఇక పెద్దవాళ్ళ రక్తంలో ఉన్నట్టుండి క్రోమోజోము పోయిందంటే అది ఏ జబ్బుకు గుర్తో కూడా ఆమెకు తెలుసు. ఆ జబ్బు పేరు ఇంట్లో పలకడానికి కూడా జనం భయపడతారు.

డాక్టరమ్మకు చెప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. చెప్పలేదు. భయం మనిషి నోటికి వేసే తాళం అలాంటిది. తెలిస్తే ఏమంటారో, మైక్రోస్కోపు దగ్గరనుంచి లేపేస్తారో, అసలు ఆ జబ్బే అంటారో! పైగా ఇరవై రెండేళ్ళు అందరికీ మంచి మనిషి అంటే కొలత తనే. ఆ కొలతే చెడిందని తన నోటితో ఎట్లా చెప్పడం? అందుకని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టింది. X పోయిన కణం కనపడితే దాన్ని దాటేసి పక్కకు జరిగేది. నలభై ఆరూ ఉన్న కణాలు పది దొరికేదాకా వెతికి, "పది కణాలు, పదీ 46" అని రాసేది. మొదట్లో ఒకటి రెండు దాటేస్తే సరిపోయేది. ఏడాదిన్నర తిరిగేసరికి ఏరివేత ఎక్కువైంది.

అప్పటినుంచి ఒంట్లో ఏ మూల ఏం జరిగినా దానికే అంటగట్టేది. మోకాలు పట్టేస్తే అదే. దువ్వెనలో వెంట్రుకలు ఎక్కువొస్తే అదే. మెట్లెక్కి ఆయాసపడితే అదే. "ఏమే, నెలనెలా రక్తం ఇచ్చి ఇచ్చి వట్టిపోయినావా ఏంది?" అని ఆదిమూలం ఎగతాళి చేస్తే, నవ్వే మనిషి కాస్తా చిందులు తొక్కింది. పాపం ఆయనకేం తెలుసు, అదివరకెప్పుడూ ఆ మాటకు ఆమె నవ్వేది.

ఇదిలా ఉండగా తొంభై ఏడు ఆగస్టులో డాక్టర్ కమలాంబ మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మైలాపూరులో ఇంట్లో కట్టుతో పడుకుని, ల్యాబును డాక్టర్ విజయకుమార్‌కు అప్పజెప్పింది. ముప్పై ఏళ్ళ కుర్రాడు. తెలుగింటివాడే గానీ మాట సగం అరవం. పనిలో పట్టుదల, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసే రకం. మంచివాడే, అయితే పనిలో ఇంకా ఎదురుదెబ్బ తిననివాడు.

ఆ వారంలోనే సోమవారంనాడు రాయపురం నుంచి లూర్దుమేరి వచ్చింది. హార్బరులో చేపల వేలం పాడే మనిషి. యాభై ఆరేళ్ళు. గొంతు మేడంతా వినపడింది. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లబడి ఉంది. వెంట కూతురు జెబ. కనకవల్లి చేతికి రబ్బరు పట్టీ కడుతూ తెలుగులో పలకరిస్తే లూర్దుమేరి మొహం విప్పారింది.

"అక్కా, నువ్వూ మనోళ్ళేనా! చూడు, రక్తం తగ్గిపోయిందంటా ఉండారు. నాలుగు అడుగులేస్తే దమ్ము. కాళ్ళు తిమ్మిరి. నాలుక ఒకటే మంట, కారం తగిలితే ప్రాణం పోతాది. చేపలమ్మేదానికి కారం లేని కూడూ ఒక కూడేనా?"

"ఆస్పత్రిలో ఏమన్నారు?"

"ఎముకలో సూది దించి మూలుగ తీస్తారంట. నేను ససేమిరా అన్నా. అయితే ముందు ఈ రక్తమన్నా చూపించుకో అని పంపినారు." లూర్దుమేరి గొంతు తగ్గించింది. "చెడ్డ జబ్బేమో అని వాళ్ళ అనుమానం. నువ్వు చూసేదానివి కదక్కా, బాగా చూడు."

అదే పూట కనకవల్లి తన రక్తం కూడా తీసుకుంది. రెండు గొట్టాలూ పక్కపక్కనే వెచ్చటి పెట్టెలో మూడు రోజులు ఉన్నాయి.

శుక్రవారం విజయకుమార్ లూర్దుమేరి స్లైడు చూశాడు. ముప్పై కణాలు లెక్కపెట్టాడు. నాలుగింటిలో X ఒకటే ఉంది. మూడు కణాల్లో ఒకే క్రోమోజోము పోతే దాన్ని గుంపు కింద లెక్కగట్టాలని, అంటే చెడ్డ కణాల సంతతి మొదలైనట్టే అని వాళ్ళకొక నియమం. నాలుగు ఫొటోలూ ఆమెకే ఇచ్చాడు. కనకవల్లి కత్తిరిస్తూ కత్తిరిస్తూ నాలుగో కార్డు దగ్గర ఒక క్రోమోజోము కాలు తెగ్గొట్టింది. ఇరవై మూడేళ్ళలో అదే మొదటిసారి. తెగిన ముక్క వేలికి అంటుకుని ఎంతకీ వదల్లేదు.

నాలుగు కార్డుల్లోనూ చివరి జత దగ్గర ఖాళీ చూసింది. తన స్లైడులో దాటేసి వచ్చే కణాల్లో ఉండేది అచ్చంగా ఇదే. ఇది ఆ జబ్బే అయితే తనకూ ఉంది. కాకపోతే ఈమెకూ లేదు. రెంట్లో ఏది నిజమైనా ఇద్దరికీ ఒకటే.

"సార్" అంది కార్డులు ఇస్తూ, "వయసైన ఆడోళ్ళకి ఇట్ల ఒకటి అరా పోతాదేమో కదా?"

విజయకుమార్ తల ఊపాడు. "అట్ల కొన్ని పేపర్లు నేనూ చదివినా కనకమ్మా. వయసైతే X పోవచ్చు అని. అందుకే మన కంట్రోల్ చూసినా." రిజిస్టరు తిప్పి చూపించాడు. "ఒకే బ్యాచ్, ఒకే మందు. ఆమెకి యాభై ఆరు, మీకు యాభై ఏడు. మీది పదికి పదీ నలభై ఆరు. ఈ నెల ఒక్కటే కాదు, ప్రతి నెలా అంతే. వయసువల్ల అయితే ముందు మీకు పోవాల కదా? మీరే నాకు ప్రూఫ్. పాపం, ఆమెది జబ్బే."

కనకవల్లి రిజిస్టరు వైపే చూస్తూ నిలబడింది. తన ప్రాణం కాపాడుకోవడానికి రాసిన అబద్ధం ఇంకొక మనిషిని పట్టి ఇచ్చింది. దాన్ని రాసిన చెయ్యి తనదే. ఆ అంకెల కింద ఇంగ్లీషులో పెట్టిన సంతకమూ తనదే. ఇరవై ఏళ్ళ క్రితం డాక్టరమ్మ కూర్చోబెట్టి నేర్పించిన సంతకం.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వార్చబోయి గంజితో పాటు సగం అన్నం కూడా వంపేసింది. ఆదిమూలం ఏమైందని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఇంకో ఏడు నెలల్లో రిటైర్మెంటు. అందరూ దండ వేసి, గొప్పగా చెప్పి పంపుతారు. ఇప్పుడు నోరు తెరిస్తే దొంగలెక్క రాసిన మనిషిగా బయటికి పోవాలి. తెరవకపోతే ఏమీ కాదు, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఆమెకు రాలేదంటే అది అబద్ధం. వచ్చింది, చాలాసేపు కూర్చుంది కూడా.

శనివారం పొద్దున తొమ్మిదింటికే జెబ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో ఒక సంచి. రిపోర్టు పన్నెండింటికి ఇస్తామన్నారు.

"ఇంత పొద్దున్నే ఎందుకు వొస్తివి?" అంది కనకవల్లి.

"ఇంట్లో ఉండలేకపోయినా పెద్దమ్మా. రిపోర్టు చెడ్డగా వొస్తే ఇయ్యాలే చేర్చుకుని సోమవారం మందు ఎక్కిస్తామన్నారు. జుట్టంతా పోతాదంట. తట్టుకునేది కష్టం, ఈమెకు రక్తం లేదు, సగం మంది ఆ మందుకే పోతారు అని ఆడ నర్సు చెప్పింది. అమ్మకి తెలీదు. సంచిలో ఆమె చీరలు, దువ్వెన తెచ్చినా. ఇట్నుంచి ఇట్లే ఆస్పత్రికి పోదామని." ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. "పెద్దమ్మా, నువ్వు చూసినావు కదా. మంచిగా వొచ్చిందా?"

కనకవల్లి లోపలికి పోయింది. విజయకుమార్ టైపు చేసిన రిపోర్టు చదువుకుంటున్నాడు, చేతిలో కలం.

"సంతకం పెట్టబాకండి సార్."

"ఏమ్మా?"

"నా పది కణాలూ ఏరి పెట్టిన పది సార్. చెడ్డవి వొదిలేసి మంచివి రాసినా. ఏడాదిన్నరగా ఇదే చేస్తా ఉండా." ఒక్కసారి మొదలుపెట్టాక మాట ఆగలేదు. "నాకూ పోతా ఉండాది. అదే X. ఆమెకి ఎట్లనో నాకూ అట్లనే. నేను భయపడినా సార్. నన్ను పెట్టుకుని ఆమెని కొలవబాకండి. ఆ కొలత దొంగది."

విజయకుమార్ కలం కింద పెట్టాడు. లేచి, ఆమె స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. కనకవల్లి పక్కనే నిలబడింది. ఆయన ఒక్కో కణం లెక్కపెట్టి పైకి చెబుతున్నాడు. నలభై ఆరు. నలభై ఆరు. నలభై అయిదు. ముప్పై అయ్యేసరికి అయిదు కణాల్లో X ఒకటే ఉంది. లూర్దుమేరికంటే ఒకటి ఎక్కువే.

"ఎన్ని రిపోర్టులు పోయినాయో తెలుసా మీకు?" ఆయన గొంతు పెరిగింది. "పద్ధెనిమిది బ్యాచ్‌లు! ఒక్కొక్కదాన్లో ఎంతమంది! మీ మీద నమ్మకంతో డాక్టరమ్మ సంతకాలు పెట్టింది, ఇప్పుడు నేను పెట్టబోతిని. ఎందుకమ్మా ఇట్ల చేస్తిరి?"

"తప్పే సార్" అంది ఆమె.

ఆయన మైలాపూరుకు ఫోను చేశాడు. విషయం చెప్పి రిసీవరు ఆమె చేతికిచ్చాడు.

"కనకా, బుద్ధుందా నీకు!" అంది కమలాంబ. కాలు విరిగినప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు ఆవిడ. "ఇరవై మూడేళ్ళు నా పక్కన కూర్చుని ఒక్క మాట అడగలేకపోయావా? నన్ను చూసి భయపడ్డావా? సరే, తిట్లు తర్వాత. పాత కంట్రోల్ స్లైడ్లున్నాయా, ఎవరైనా పారేశారా?"

"అన్నీ చెక్క పెట్టెల్లో ఉండాయి డాక్టరమ్మా. నేనే ఏడాదికొక పెట్టెగా పెట్టినా."

"డెబ్భై నాలుగు నుంచీ?"

"ఆమా, మొదటి నెల నుంచీ."

"మొద్దూ, అదే కదా కావలసింది. ఒకే ఆడమనిషి రక్తం ఇరవై మూడేళ్ళపాటు నెలనెలా దాచిపెట్టిన చోటు ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు. విజయకుమార్‌ని తీయమను. నాలుగైదేళ్ళకొకటి. ఏరకుండా, ఎదురైన కణం ఎదురైనట్టు, ముప్పై. లెక్క నువ్వు చెప్పకు. అతను చూస్తాడు, నువ్వు చూస్తావు, ఇద్దరిదీ కలిస్తేనే రాయండి."

పెట్టెలు దించారు. రంగు వెలిసిన స్లైడ్లకు మళ్ళీ రంగు పట్టించారు. బయట జెబ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి వెళ్ళింది. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. ఇంత ఆలస్యమవుతోందంటే చెడ్డ కబురేనని ఆ పిల్ల సంచిని గుండెకు హత్తుకుని కూర్చుంది. కనకవల్లి తలుపు సందులోంచి చూసింది గానీ, చెప్పడానికి ఇంకా ఏమీ లేదు.

డెబ్భై నాలుగు స్లైడు మొదట. ఆ మొదటి నెల ఆమె పనికి వచ్చిన చీరకు అంచు చినిగి ఉంది, అది గుర్తుంది. ముప్పైకి ముప్పై. డెబ్భై తొమ్మిది, చిన్న కొడుకు కామెర్లతో పడుకున్న నెల, సెలవు పెట్టకుండా వచ్చి రక్తం ఇచ్చి పరుగెత్తింది. ముప్పైకి ముప్పై. ఎనభై నాలుగు, తండ్రి పోయిన ఏడు. ముప్పైకి ముప్పై. ఎనభై తొమ్మిది, నెలసరి ఆగిపోయి ఒళ్ళంతా సెగలెక్కుతున్న రోజులు. ఒక కణంలో X లేదు. ఎనిమిదేళ్ళ క్రితమే! ఆ నెల తను పది మాత్రమే లెక్కపెట్టింది, అది కనపడలేదు. తొంభై మూడులో రెండు. తొంభై అయిదులో మూడు. ఇప్పుడు అయిదు.

ఈ ఎనిమిదేళ్ళలో ఆమె ఇద్దరు కోడళ్ళ పురుళ్ళు పోసింది. రోజూ చూలై నుంచి కీల్పాక్‌కు నడిచింది. జలుబు తప్ప జబ్బని మంచమెక్కలేదు. చెడ్డ కణాల సంతతి అయితే ఎనిమిదేళ్ళు మర్యాదగా ఒక మూల కూర్చుంటుందా?

విజయకుమార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి కమలాంబ నెమ్మదిగా చెప్పింది. ఆడమనిషికి ఉన్న రెండు Xలలో ఒకటి పుట్టకముందే నిద్రపోతుంది. వయసు మీదపడ్డాక కొన్ని కణాల్లో ఎక్కువగా ఆ నిద్రపోయేదే జారిపోతుంది. నెరిసిన వెంట్రుకలాంటిదే. దానివల్ల ఒంటికి ఏ చెరుపూ లేదని కూడా చెప్పలేం, ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. అయితే అదొక్కటే చూసి చెడ్డ జబ్బని మందు ఎక్కించకూడదు. ఆ మాటే రిపోర్టులో రాయాలి. లూర్దుమేరి రక్తం తగ్గడానికి కారణమేమిటో తెలియాలంటే మూలుగ తీసి చూడాల్సిందే.

రెండున్నరకు కనకవల్లి కొత్త రిపోర్టు పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్ళింది. జెబ లేచి నిలబడింది.

"జబ్బు లేదని చెప్పలా" అంది కనకవల్లి. "ఉందనీ చెప్పలా. ఎముకలో సూది పొడిపించుకోవాల మీ అమ్మ. అంతదాకా ఆ మందు వొద్దు. ఈ కాయితంలో అదే రాసినారు."

"ఆమె ఒప్పుకోదు పెద్దమ్మా!"

"రేపు నేనే వొస్తా."

ఆదివారం చర్చి వదిలే వేళకు రాయపురంలో ఆ ఇంటికి వెళ్ళింది. ఒకే గది, కిటికీలోంచి హార్బరు వాసన. లూర్దుమేరి చాప మీద గోడకు ఆనుకుని ఉంది. ఆరు రోజుల్లో ఇంకా పాలిపోయింది.

"నాకు లేనట్టే నీకూ లేదంట కదా అక్కా, అదేందో" అంది. "జెబ చెప్పింది. అయితే నువ్వు బాగుండావు కదా, నేనూ బాగుండాను. ఇంక సూది ఎందుకు?"

"నేను బాగుండానో లేదో నాకూ తెలీదు మేరీ." కనకవల్లి చాప అంచున కూర్చుంది. తనకే చెప్పుకోని మాట ఆమెతో అంది. "ఏడాదిన్నర భయపడి దాచుకున్నా. ఆ దాచుకోవడంవల్లే నిన్ను చంపబోయినా. నీ సూదిలో ఏమొస్తుందో అది నాకూ వొచ్చినట్టే. నువ్వు ఆడ పడుకో, నేను నీ చెయ్యి పట్టుకుని ఉంటా. అరవాలంటే అరుచుకో. హార్బరంతా వినపడే గొంతు కదా, ఎవరొద్దన్నారు?"

లూర్దుమేరి ఆమెను చాలాసేపు చూసింది. వేలంలో చేప పాతదో కొత్తదో చూసే చూపు అది. చివరికి "చెయ్యి వొదిలితే చంపుతా" అంది.

బుధవారం సూది. అరుపు నిజంగానే కారిడారంతా వినపడింది. కనకవల్లి వేళ్ళ మీద గోళ్ళ గుర్తులు పడ్డాయి. తర్వాత తొమ్మిది రోజులు ఎదురుచూపు. ఆ తొమ్మిది రోజులూ ల్యాబులో విజయకుమార్ ఆమెతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

పదో రోజున జెబ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. చెడ్డ జబ్బు కాదు. బి-12 విటమిను లోటు. చేపలు తినే మనిషికి ఆ లోటు ఎందుకొస్తుందని ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. తిన్నది కడుపు పీల్చుకోవడం లేదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆమె కడుపు పొరమీద పడి పాడుచేశాయట. నాలుక మంట, కాళ్ళ తిమ్మిరి అన్నీ దాని గుర్తులే. జీవితాంతం సూదిమందు వేయించుకుంటే చాలు.

కనకవల్లి కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరి కోసమో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

"ఆ X పోవడానికీ, కడుపు ఇట్ల అయ్యేదానికీ ఏమన్నా సంబంధం ఉందా సార్?" అని అడిగింది తర్వాత.

"తెలీదు కనకమ్మా" అన్నాడు విజయకుమార్. తెలీదనే మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. "ఉండచ్చు. ఈ జబ్బులు ఆడవాళ్ళకే ఎక్కువ. ఎవరో ఒకరు కనుక్కోవాల."

దండ లేదు, గొప్పలు లేవు. మిగిలిన ఏడు నెలలూ పద్ధెనిమిది బ్యాచ్‌ల స్లైడ్లనూ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మళ్ళీ లెక్కపెట్టారు. ముగ్గురు పెద్దవయసు ఆడవాళ్ళ రిపోర్టులు మార్చి రాశారు. వాళ్ళకు ఉత్తరాలు పంపారు. ఒకరి ఉత్తరం "మనిషి లేరు" అని తిరిగొచ్చింది. ఆమె ఎందుకు లేదో కనుక్కునే దారి దొరకలేదు. ఆ కవరును కనకవల్లి తన బల్ల సొరుగులో అడుగున పెట్టుకుంది. పారేయలేకపోయింది.

కంట్రోలుకు ఇరవై నాలుగేళ్ళ కొత్త పిల్ల నివేదితను పెట్టారు. చివరిరోజు ఆ పిల్ల చేతికి రబ్బరు పట్టీ కట్టింది కనకవల్లి. రక్తం తీశాక రిజిస్టరు తెరిచింది. తేదీ, పేరు, కణాలు, ఫలితం. ఇరవై మూడేళ్ళుగా ఆ నాలుగు గడులే. స్కేలు పెట్టి పేరు పక్కన ఇంకో గీత గీసి, పైన "వయసు" అని రాసింది. నివేదిత, 24.

"మీదీ ఒకటి ఇచ్చి పొండి కనకమ్మా" అన్నాడు విజయకుమార్. "ఆ పిల్లకి పక్కన ఒక పెద్దమనిషి కూడా కావాల."

ఆమె చెయ్యి చాచింది. ఈసారి రక్తం ఆయనే తీశాడు. అయిదో రోజున, ఇక పనిలో లేని మనిషి, స్లైడు తనే చూసుకోవడానికి చూలై నుంచి నడిచి వచ్చింది. ఒక్క కణం కూడా దాటేయలేదు. రిజిస్టరులో రాసింది: కనకవల్లి, వయసు 58, కణాలు ముప్పై, అయిదింటిలో X ఒకటే.

ఫలితం గడి దగ్గర కలం ఆగింది. "ఈడ ఏం రాయాల సార్?"

విజయకుమార్ ఆమె భుజం మీదుగా వంగి, అయిదింటిలో X ఒకటే అన్న అంకె చదివి, వేలు వెనక్కి జరిపి వయసు 58 మీద పెట్టాడు.

"నార్మల్ అని రాయండి" అన్నాడు.